గళ్లను కదిలించిన విక్టర్ వాసరెలీ

వంశధార ఒడ్డున శ్రీముఖలింగంలో పెరిగిన నాకు, హంగేరీలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడ్డ ఒక చిత్రకారుడి గురించి రాయాలని ఎందుకు బుద్ధి పుట్టిందని మిత్రులు అడగొచ్చు. మన ప్రాంతంలో తలుచుకోవలసిన పెద్దలు ఎందరో వుండగా ఈ పరాయి దేశస్థుడు ఎందుకూ అనొచ్చు. నా సమాధానం చిన్నదే. ఆయన జీవితాంతం పట్టుకుని వేళ్లాడిన ప్రశ్న మా ఊరి వాకిళ్లలో రోజూ తెల్లవారుతూనే ఎదురవుతుంది. బొమ్మ ఎవరిది? గీసినవాళ్లదా, కొనుక్కున్నవాళ్లదా, చూసినవాళ్లందరిదీనా? మా ఊళ్లో కళ్లాపి చల్లి ముగ్గేసే ఆడవాళ్లకి ఈ ప్రశ్నతో పనిలేదు. విక్టర్ వాసరెలీకి మాత్రం ఈ ప్రశ్నతోనే నిండు జీవితం గడిచిపోయింది. ఆయన పోయేక కూడా అది కోర్టుల చుట్టూ తిరిగింది.

వాసరెలీ 1906 ఏప్రిల్ 9న హంగేరీ దేశంలో పేచ్ అనే పట్టణంలో పుట్టేడు. కన్నవాళ్లు పెట్టిన పేరు వాషార్‌హెయి గ్యోజో. హంగేరీవాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు చెప్పుకుంటారు. గ్యోజో అంటే గెలిచినవాడు. అదే ఫ్రెంచివాళ్ల నోట విక్టర్ అయింది. వాషార్‌హెయి అంటే సంత జరిగే చోటివాడు. సంతకీ ఆయన బొమ్మలకీ వున్న లంకె ముందు ముందు వస్తుంది కాబట్టి ఈ పేరుని కాస్త గుర్తుంచుకోండి.

కుర్రవాడు మొదట బొమ్మల జోలికి పోలేదు. 1925లో బుడాపెస్ట్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదవడానికి చేరేడు. రెండేళ్లు చదివి మానేసేడు. చదువు మానేసినా, ఏ విషయాన్నైనా విడదీసి, కొలిచి చూసే అలవాటు మాత్రం ఆయన్ని వదిలిపెట్టలేదు. తర్వాత చిత్రకళ నేర్పే బడిలో చేరి, 1929 ప్రాంతాల షాందోర్ బోర్ట్‌నిక్ అనే చిత్రకారుడు నడిపే మ్యూహెయ్ అనే చోటికి వెళ్లేడు. మ్యూహెయ్ అంటే పనిశాల. జర్మనీలో 1919లో మొదలై 1933లో నాజీల ఒత్తిడితో మూతపడ్డ బౌహౌస్ అనే ప్రసిద్ధ కళాశాల పద్ధతిలో అది నడిచేది. బొమ్మ వేయడం, ఇల్లు కట్టడం, కుర్చీ చేయడం, పోస్టరు అచ్చువేయడం అన్నీ ఒక్క చదువేనని అక్కడి పాఠం. అక్కడే తోటి విద్యార్థిని క్లెయిర్‌తో పరిచయమైంది. తర్వాత ఆమే భార్య అయింది.

1930లో పారిస్ చేరేడు. చిత్రకారుడిగా చేరలేదు, ప్రకటనల కంపెనీల్లో కూలికి గీసే మనిషిగా చేరేడు. హవాస్, డ్రేగర్, దెవాంబే వంటి సంస్థలకి మందుల ప్రకటనలూ, పోస్టర్లూ గీసేడు. ఇద్దరు కొడుకులు పుట్టేరు. సంసారం, ఉద్యోగం, రోజూ రైలు ప్రయాణం. ఇలా దాదాపు పదిహేనేళ్లు. కాని ఈ పదిహేనేళ్లూ వృథా పోయాయని చెప్పలేం. రోడ్డుమీద పోయేవాడు ఒక్క క్షణం తల తిప్పి చూస్తాడు. ఆ క్షణంలోనే బొమ్మ అతని కంటిని పట్టుకోవాలి. నలుపు పక్కన తెలుపు పెడితే కన్ను ఎలా ఉలిక్కిపడుతుందో, ఒక గీత వంగితే చూపు ఎటు జారుతుందో ఆయన అక్కడ నేర్చుకున్నాడు. 1937లో వేసిన జీబ్రా బొమ్మ దానికి సాక్ష్యం. అందులో రెండు జీబ్రాలు ఒకదాన్నొకటి పెనవేసుకుని వుంటాయి. ఒంటి చుట్టూ సరిహద్దు గీత లేదు. నల్లచారలూ తెల్లచారలే వంగుతూ జంతువులై లేచేయి. ఇప్పుడు ఆప్ ఆర్ట్ అని పిలిచే కళకి మొదటి బొమ్మల్లో ఒకటిగా దీన్ని చాలామంది లెక్కపెడతారు.

1944లో పారిస్‌లో దెనీజ్ రెనే అనే యువతి తన గ్యాలరీని ఈయన బొమ్మలతోనే ప్రారంభించింది. అప్పటికి ఆయనకి ముప్పై ఎనిమిదేళ్లు. వెంటనే దారి దొరికిందా అంటే లేదు. రెండు మూడేళ్లపాటు అప్పటి ఫ్యాషన్ల వెంటపడి వేసిన బొమ్మల్ని, అవి దారితప్పిన పనులని తర్వాత ఆయనే పక్కన పెట్టేసేడు. సొంత దారి మూడు చోట్ల దొరికింది. మూడూ మామూలు చోట్లే.

ఒకటి, 1947లో బెల్-ఈల్ అనే దీవి. సముద్రం నున్నగా చేసిన గులకరాళ్లని చూసి, ఈ కోడిగుడ్డు ఆకారం ఒక్కటి చాలు, ప్రకృతి మొత్తాన్ని ఇందులో చెప్పొచ్చునని ఆయనకి తోచింది. రెండోది పారిస్‌లోని దాంఫేర్-రోషెరో భూగర్భ రైలుస్టేషను. అక్కడి గోడల తెల్లపలకల మీద సన్నటి పగుళ్లు వుండేవి. రైలు కోసం నిలబడ్డవాళ్లు వేలమంది చూసివుంటారు. ఈయన వాటినుంచి బొమ్మలు తీసేడు. మూడోది, 1948లో వెళ్లిన గోర్డ్ అనే కొండమీది పల్లె. దక్షిణ ఫ్రాన్సులో ఎండ మన ఎండలాగే మండుతుంది. అక్కడ రాతి ఇంటి గోడకి ఒక చదరపు కిటికీ. గదిలోంచి చూస్తే అది వెలుగు ముక్క. బయటినుంచి చూస్తే అదే నల్లటి గొయ్యి. ఒకే చతురస్రం నిలబడ్డ చోటుని బట్టి ఖాళీ అవుతుంది, గట్టిది అవుతుంది. అయితే ఏది నిజం?

ఈ సంగతి చదివినప్పుడు నాకు మా మధుకేశ్వరుడి గుడి గుర్తుకొచ్చింది. ఇప్పచెట్టు మొదట్లో వెలసిన స్వామి అని, సవరలతో ముడిపడ్డ కథ ఒకటి చెప్పుకుంటారు. మధూకం అంటే ఇప్పే కదా. తూర్పు గాంగుల కాలపు గుడి అది. మధ్యాహ్నం ఎండలో ప్రాకారంలో నిలబడి గర్భగుడి వైపు చూస్తే ద్వారం కాటుక పూసినట్టు వుంటుంది. లోపలికి వెళ్లి, స్వామి ముందు కాసేపు నిలబడి వెనక్కి తిరిగితే అదే ద్వారం కళ్లు చెదిరే తెల్లటి పలక. ద్వారం మారలేదు, మనం మారేం. మా ఊరివాళ్లందరం చిన్నప్పటినుంచీ ఎరిగిన సంగతే. వాసరెలీ దాన్నే కాగితం మీద పెట్టి, చూసేవాడు ఉన్నచోటనుంచి కదలకుండానే ఆ మార్పు జరిగేలా చేయాలని పట్టుబట్టేడు. అదీ ఆయన సాధన.

ఎలా చేసేడో చెప్తే గాని ఆయన గొప్ప తెలీదు. చదరంగం బల్లలాగా నలుపు తెలుపు గళ్లు గీయండి. అన్నీ సమానంగా వుంటే అది బల్లే. ఇప్పుడు నడిమి గళ్లని పెద్దవి చేసి, అంచులవైపు పోతున్నకొద్దీ సన్నగా, ఏటవాలుగా నొక్కుకుంటూ పోండి. బల్ల పొంగుతుంది. కాగితం లోంచి బంతి తోసుకొస్తున్నట్టు కనిపిస్తుంది. కాగితం చదునుగానే వుందని మనకి తెలుసు, వేలితో తడిమి చూసుకోవచ్చు కూడా. అయినా కన్ను ఒప్పుకోదు. 1957 నుంచి వేగా అనే నక్షత్రం పేరు పెట్టి ఆయన వేసిన వరస బొమ్మలు ఇలాంటివే.

దీనికి కారణం కంట్లోనూ వుంది, మెదడులోనూ వుంది. దగ్గరగా వున్నవి పెద్దగా, దూరమైనవి చిన్నగా కనబడతాయని మెదడు అలవాటు పడిపోయింది. గడి చిన్నదైతే అది వెనక్కి వంగిందని లెక్క కట్టేస్తుంది. ఇక మన కన్ను ఒకచోట నిలిచి చూస్తున్నట్టు అనిపించినా, అతి సన్నగా అదురుతూనే వుంటుంది. మామూలు వస్తువు చూసేటప్పుడు ఆ అదురు మనకి తెలీదు. నలుపు తెలుపు గీతలు దగ్గర దగ్గరగా వున్నప్పుడు మాత్రం, కన్ను వెంట్రుకవాసి కదిలినా నలుపు వున్నచోట తెలుపు వచ్చి పడుతుంది. దాంతో బొమ్మే కదిలిందని తోస్తుంది. ఇంకొకటి చూడండి. నల్లటి గళ్ల మధ్య తెల్లని సందులు విడిస్తే, సందులు కలిసే మూలల్లో బూడిదరంగు మచ్చలు మెరుస్తాయి. నేరుగా చూస్తే మాయమవుతాయి. 1870లో హెర్మన్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని రాసిపెట్టేడు. కంటిపొరలో ఇరుగుపొరుగు కణాలు ఒకదాని జోరుని ఇంకొకటి తగ్గించడం వల్ల ఇలా అవుతుందని చాలాకాలం చెప్పేరు. అది పూర్తి జవాబు కాదని తర్వాతి పరిశోధనలు తేల్చేయి. కారణాన్ని శాస్త్రజ్ఞులు తర్కించుకుంటూ వుండగానే వాసరెలీ ఆ గళ్లని సూపర్‌నోవా బొమ్మలో వాడుకున్నాడు. 1959 నుంచి 1961 దాకా పట్టిన ఆ బొమ్మ లండన్‌లో టేట్ మ్యూజియం సొత్తు.

ఆయన పనిలో మన విద్యార్థులకి నచ్చే ఘట్టం ఒకటుంది. దక్షిణ అమెరికాలో వెనిజులా రాజధాని కరాకస్. అక్కడ విల్యనువేవా అనే వాస్తుశిల్పి కొత్త విశ్వవిద్యాలయం కడుతూ, ప్రపంచంలోని పేరున్న కళాకారుల చేత గోడలకీ ఆవరణలకీ పనులు చేయించేడు. 1954లో వాసరెలీ అక్కడ రష్యా చిత్రకారుడు మాలేవిచ్ పేర ఒక గోడనీ, నడుస్తూంటే మారిపోయే లోహపు కమ్మీల చట్రాన్నీ పెట్టేడు. టిక్కెట్టు లేదు, కాపలా లేదు. క్లాసుకి ఆలస్యమై పరిగెత్తే కుర్రాడి పక్కన ఆ చట్రం కూడా మారుతూ వుంటుంది. 2000లో యునెస్కో ఆ ఆవరణ మొత్తాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

1955లో దెనీజ్ రెనే గ్యాలరీలో చలనం అనే పేరుతో ప్రదర్శన జరిగింది. కాల్డర్, టింగ్లీ, సోటో, ఆగమ్ మొదలైనవాళ్లు పాల్గొన్నారు. కొందరివి నిజంగా కదిలే పనులు. వాసరెలీవి కదలకుండా కదిలించేవి. ఆ సందర్భంలో పసుపు కాగితం మీద అచ్చయిన ప్రకటనలో ఆయన ఆలోచనలు బయటికొచ్చేయి. ఒక్క కాన్వాసు, ఒక్క సంతకం, ఒక్క ధనవంతుడి గోడ అనే కాలం చెల్లిపోయిందని ఆయన వాదన. గ్రామఫోను రికార్డులాగా, పుస్తకంలాగా బొమ్మ కూడా ఎన్ని ప్రతులైనా అచ్చు కావాలి, ఎవరింటికైనా వెళ్లాలి అనేది ఆయన పట్టు.

1964లో టైమ్ పత్రిక ఈ కళకి ఆప్ ఆర్ట్ అని పేరు పెట్టింది. 1965లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియంలో పెద్ద ప్రదర్శన పెడితే లక్షకు పైగా జనం వచ్చేరు. వెంటనే సంత కూడా వచ్చింది. చీటీ గుడ్డల మీద, చేతిసంచుల మీద, దుకాణాల అద్దాల మీద ఈ గీతలే. ఇంగ్లండుకి చెందిన బ్రిడ్జెట్ రైలీ తన బొమ్మలు అడక్కుండా గౌన్లమీదకి ఎక్కడం చూసి చాలా నొచ్చుకుంది. కోర్టుకెక్కాలని చూసినా లాభం లేకపోయింది. వాసరెలీ ఆలోచన వేరు. బొమ్మ వీధిలోకి రావడమే ఆయన కోరుకున్నది. వీరిలో ఎవరిది న్యాయం? రైలీ కష్టం రైలీది, అడగడం కనీస మర్యాద. అలాగని వీధినపడ్డ గీతని మళ్లీ ఇంట్లోకి పిలవడమూ కుదరదు.

ఇక్కడే మా ఊరి వాకిలి సంగతి చెప్పాలి. 1959లో వాసరెలీ తన కొత్త పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఒక రంగు చతురస్రం, దాని నడుమ ఇంకో రంగులో వలయమో, అండాకారమో, త్రిభుజమో, చిన్న చతురస్రమో. అంతే. దాన్ని అక్షరం అనుకోండి. ఇలాంటి అక్షరాలు కొన్నీ, రంగుల వరసలు కొన్నీ పెట్టుకుని, వాటికి గుర్తులు వేసి, గళ్ల కాగితం మీద వాటి అమరిక రాసిచ్చేవాడు. సహాయకులు దాన్ని చూసి బొమ్మ కట్టేవారు. ఇళ్లలో కంప్యూటర్లు లేని రోజుల్లో కంప్యూటరు పద్ధతి అన్నమాట. 1963లో దీన్ని ప్రపంచం ముందు పెట్టి, భూగోళమంతటికీ ఒకే జానపద కళ కావాలని కలగన్నాడు.

మా వైపు నెలగంట పట్టేక ఏ వీధికైనా వెళ్లి చూడండి. చుక్క ఒక అక్షరం, మెలిక ఒక అక్షరం. పదిహేను చుక్కలు పెట్టి ఎనిమిది వచ్చేదాకా సందుచుక్క అంటే చాలు, ఎదురింటి గుంట మిగతాది వేసేస్తుంది. అమ్మలూ అప్పలూ వదినలూ రూళ్ల పుస్తకంలో గీసుకుని ఒకరికొకరు ఇచ్చుకుంటారు. పేటెంటు లేదు. మెలికముగ్గుని రెప్పవేయకుండా చూస్తే ఏ గీత పైది, ఏది కిందది అని కన్ను తడబడుతుంది. వాసరెలీ కావాలన్న తడబాటు అదే. సాయంత్రానికి ముగ్గు కాళ్లకింద చెరిగిపోతుంది. మర్నాడు ఇంకోటి. ముగ్గులో భక్తి వుంది, శుభం వుంది, అందుచేత రెండూ ఒకటేనని నేననను. కాని అందరి వాకిట్లోనూ బొమ్మ వుండాలని ఒక పెద్ద చిత్రకారుడు యూరపులో ఉద్యమం నడిపిన రోజుల్లో, ఆ పని ఇక్కడ ఎవరూ చెప్పకుండానే జరుగుతూ వుంది. అంతమాత్రం అనొచ్చు.

వాసరెలీకి కలిగిన చిక్కంతా ఆ చెరిగిపోవడం దగ్గరే వుంది. ఆయన ప్రతులు చెరగలేదు. సిల్కు స్క్రీను మీద వందలకొద్దీ అచ్చయిన ప్రతి కాగితానికీ ఒక నంబరు, కింద సంతకం. సంతకం వుంటే ధర వుంటుంది. అందరికీ అందాలని అచ్చువేసిన బొమ్మ వ్యాపారుల చేతుల్లో సరుకైంది. 1970ల్లో అవి ఎంత విరివిగా వచ్చేయంటే విమర్శకులు మొహం తిప్పుకున్నారు. నిజానికి ఆయన కోరిక పూర్తిగా తీరిన చోట సంతకమే లేదు. 1972లో కొడుకుతో కలిసి రెనో కార్ల కంపెనీకి గీసిన వజ్రం గుర్తు రెండు దశాబ్దాలపాటు రోడ్లమీద తిరిగింది. అది ఎవరు గీసేరో తెలియకుండానే కోట్లమంది చూసేరు. 1982లో ఆయన ప్రత్యేకంగా వేసిన 154 ప్రతులు ఫ్రాన్సు వ్యోమగామి క్రెత్యెన్ వెంట సోవియట్ అంతరిక్ష కేంద్రం సల్యూత్ 7కి వెళ్లివచ్చేయి. తర్వాత యునెస్కో సహాయం కోసం అమ్ముడయ్యేయి.

సంపాదించినదంతా ఆయన దాచుకోలేదు. గోర్డ్‌లో శిథిలమైన కోటని బాగుచేయించి 1970లో మ్యూజియం తెరిచేడు. 1976లో ఎక్స్-అన్-ప్రొవాన్స్ పట్టణంలో సొంత డబ్బుతో ఫౌండేషను భవనం కట్టించేడు. తేనెపట్టులా 16 ఆరుపలకల గదులు, వాటిలో గోడంత ఎత్తున 44 పనులు. అల్యూమినియం, పింగాణీ, నేతవస్త్రం, గాజు. పుట్టిన పేచ్ పట్టణానికీ, బుడాపెస్టుకీ కూడా బొమ్మలు ఇచ్చి మ్యూజియాలు పెట్టించేడు. నలుగురూ వచ్చి చూడాలి, వాస్తుశిల్పులు వచ్చి నేర్చుకోవాలి అన్నది ఆశ.

ముసలితనంలో ఆ ఆశ చిక్కుల్లో పడింది. 1990లో క్లెయిర్ పోయింది. ఫౌండేషను నడిపిన ఒక అధ్యక్షుడి మీద కేసులు నడిచి, చివరికి న్యాయస్థానం దోషిగా తేల్చింది. ఇంటివాళ్లకీ ఫౌండేషనుకీ మధ్య తగవు పడింది. 1995లో మధ్యవర్తుల పంపకం కింద పెద్ద పెద్ద బొమ్మలు ఫౌండేషను గోడలు దాటి వెళ్లిపోయాయి. 1996లో గోర్డ్ మ్యూజియం మూతపడింది. 1997 మార్చి 15న పారిస్‌లో తొంభయ్యేళ్ల వయసులో వాసరెలీ కన్నుమూసేడు. బొమ్మ అందరిదీ అన్న మనిషి బొమ్మలు ఎవరివో తేల్చడానికి కోర్టులు కూచున్నాయి. 2014లో పారిస్ అప్పీలు కోర్టు ఆ పంపకాన్ని కొట్టివేసింది. ఎక్స్ భవనాన్ని 2013లో చారిత్రక కట్టడంగా గుర్తించేరు. మనవడు పూనుకోవడంతో కారిపోతున్న కప్పులూ బీటలువారిన గోడలూ బాగుపడ్డాయి. 2019లో పారిస్‌లోని పాంపిదూ కేంద్రం ఆయన పని మొత్తాన్ని ఒకచోట చేర్చి ప్రదర్శన పెట్టి, దానికి రూపాల పంపకం అని అర్థం వచ్చే పేరు పెట్టింది. ఆస్తి పంపకం కన్నా ఆ పంపకమే ఆయన మనసుకి దగ్గరని నా నమ్మకం.

వాసరెలీ గెలిచేడా, ఓడేడా అని అడిగితే నేను ఒక్కమాటలో చెప్పలేను. ప్రతి ఇంటికీ బొమ్మ చేర్చాలన్న కోరిక డబ్బు దగ్గర ఓడింది. కాని బొమ్మలో సగం పని చూసేవాడి కంట్లో జరుగుతుందని ఆయన చూపించింది మాత్రం ఓడేది కాదు. పలక మీద బంతిలేదు. అది చూసినవాడి చూపులోనే లేస్తుంది. అంచేత ఆ బంతి మీద కోర్టు డిక్రీలు చెల్లవు.

విద్యార్థి మిత్రులకి ఒక సలహాతో ముగిస్తాను. లేబరేటరీ రికార్డులో మిగిలిపోయిన గ్రాఫు కాగితం ఒకటి తీసుకోండి. మధ్యలో గళ్లు పెద్దవిగా, అంచులకి పోతున్నకొద్దీ చిన్నవిగా స్కేలుతో గీసి, ఒకటి విడిచి ఒకటి నల్లసిరాతో నింపండి. గోడకి అంటించి పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. హాస్టలు గోడ పొంగుతుంది. పక్కగది మిత్రుడు అడిగితే ఎలా చేసేరో చెప్పేయండి. కింద సంతకం పెట్టాలా, మానాలా అన్నది మీ ఇష్టం.